మొదటి నవ్వు ఎవరిది?

ఛత్తా బజార్‌లో పెళ్ళి కార్డుల ప్రెస్సులు దాటాక, పత్తర్‌గట్టీ వైపు తిరిగే మలుపుకి ముందు, నేను తరచు ఆగే చాయ్ హోటల్ ఒకటి ఉంది. మధ్యాహ్నం నమాజు తర్వాత కాసేపు అక్కడ బల్లలు ఖాళీ దొరకవు. అచ్చు పనివాళ్ళు, అత్తరు దుకాణాల కుర్రాళ్ళు, కార్చోబ్ అనే జరీ కుట్టుపని చేసేవాళ్ళు వచ్చి కూచుంటారు. ఈ మధ్య ఒకరోజు ఎదుటి బల్ల దగ్గర ఒక కార్చోబ్ పనివాడు తన మామ పోయిన రోజు సంగతి చెప్తున్నాడు. యాభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి సూది పట్టి కుడిచేతి చూపుడువేలి కొస గట్టిపడి తెల్లగా మెరుస్తోంది. మాట్లాడుతున్నంతసేపూ ఆ వేలితోనే సాసర్ అంచుని తడుముతున్నాడు. గిరిగిరి ఫైనాన్సు అతను రోజూ లాగే ఆ పొద్దున కూడా కిస్తీ కోసం వచ్చాడట. ఇంట్లో శవాన్ని చూసి, సంచీ పక్కన పెట్టి, అందరికంటే ముందు జనాజాకి భుజం పట్టాడట. కబరస్తాన్ దాకా నడిచాడు. మూడు పిడికిళ్ళ మట్టి వేశాడు. దువా అయింది. బయటికొచ్చే గేటు దగ్గర మెల్లిగా పక్కకు చేరి, జేబులోంచి పుస్తకం తీశాడట. "కంధా ముఫ్త్ భాయ్, కిస్త్ నక్ద్." భుజం పట్టింది ఉచితం, కిస్తీ మాత్రం రొక్కం. ఆ మాటకి చుట్టుపక్కల నాలుగు బల్లల వాళ్ళూ ఒక్కసారి నవ్వారు. ఒకాయన ఆపుకోలేక కప్పు కింద పెట్టేశాడు. చెప్పిన మనిషి కూడా చివరికి నవ్వాడు. అందరికంటే ఎక్కువ నవ్విన ఇద్దరు, తర్వాతి మాటల్లో తెలిసింది, అదే ఫైనాన్సు మనిషికి బాకీ ఉన్నవాళ్ళు.

ఆ నవ్వు నన్ను వదలడం లేదు. ఎందుకు నవ్వారు వాళ్ళు? నేనూ ఎందుకు నవ్వాను? అదే సంగతి ఒక పత్రికలో వార్తగా వస్తే, శవం లేచిన ఇంట్లో కిస్తీ వసూలు అని శీర్షిక పెడితే, చదివి పళ్ళు కొరుక్కుంటాం. ఒక సభలో వక్త చెప్తే తల వంచుకుని వింటాం. ఆ బల్ల దగ్గర, ఆ మనిషి నోట, ఆ భాషలో వచ్చేసరికి నవ్వు పొంగింది. పైగా ఆ నవ్వులో దయ తగ్గలేదు, కోపమూ తగ్గలేదు. పాతబస్తీ జనం కష్టాన్ని నవ్వుతూ దాటేస్తారని పర్యాటకుల కోసం రాసే వ్యాసాల్లో ఒక మాట ఉంటుంది. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. వాళ్ళు దేన్నీ దాటెయ్యడం లేదు. కిస్తీ మర్నాడూ కట్టాలి. అన్నిటికీ నవ్వరు కూడా. చావు ఇంట్లో వాళ్ళు ఏడ్చే ఏడుపు నేను చూశాను. మరి ఏ కష్టం నవ్వుగా మారుతుంది, ఏది మారదు? ఎవరు చెప్తే మారుతుంది? ఈ ప్రశ్నలతో తిరుగుతుంటే నా ఆలోచన మళ్ళీ మళ్ళీ పోయి ఒక రాత్రి దగ్గర ఆగుతోంది. నేను చూడని రాత్రి అది. 1965 సెప్టెంబరు 22. రవీంద్రభారతిలో బబ్బన్ ఖాన్ అనే కుర్రాడు తను రాసిన "అద్రక్ కే పంజే" నాటకాన్ని మొదటిసారి ఆడిన రాత్రి.

ఆ నాటకం పేరు తెలియని పాతకాలపు హైదరాబాదీ ఉండడు. అల్లం కొమ్ముకి పిలకలు పుట్టినట్టు ఇంటినిండా పిల్లలు, చాలీచాలని సంపాదన, చుట్టూ అప్పులు. కథ అంటే అంతే. రాసింది, నడిపింది, ప్రధాన పాత్ర వేసింది ఆయనే. ఆ మొదటి రాత్రి తర్వాత 2001 దాకా ఆ నాటకం ఆగలేదు. 10,213 ప్రదర్శనలని లెక్క చెప్తారు. అరవై దేశాలు తిరిగింది, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అంటే ఏడాదికి సగటున 280కి పైగా ఆటలు, ముప్పై ఆరేళ్ళ పాటు. ఈ అంకెలు చెప్పినప్పుడు అందరూ ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఆ పదివేల ఆటల కంటే మొదటిదే పెద్ద విశేషంగా అనిపిస్తుంది. రెండో ఆటకి వచ్చేవాడికి అది నవ్వే నాటకమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వందో ఆటకి వచ్చేవాడు ఇంటి దగ్గరే నవ్వడానికి సిద్ధపడి వస్తాడు. మొదటి రాత్రి వచ్చినవాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎదుట రంగస్థలం మీద లేమి కనబడుతోంది, అది అతని ఇంటి లేమిలాగే ఉంది. దీనికి నవ్వొచ్చా? పక్కవాడు ఏమనుకుంటాడు? ఆ చీకట్లో ఎవరో ఒకరు ముందుగా నవ్వి ఉండాలి. ఆ ఒక్కరు ఎవరై ఉంటారు?

ఆ రాత్రి ఎలాంటి రోజుల్లో వచ్చిందో గుర్తు చేసుకుంటే ప్రశ్న ఇంకా బరువెక్కుతుంది. ఆ నెల మొదటి నుంచీ దేశం పాకిస్తాన్‌తో యుద్ధంలో ఉంది. ఐక్యరాజ్యసమితి పిలుపుకి ఒప్పుకుని రెండు వైపులా తుపాకులు ఆగింది సెప్టెంబరు 23 తెల్లవారుజామున. అంటే బబ్బన్ ఖాన్ తెర లేపిన రాత్రి యుద్ధానికి కూడా చివరి రాత్రి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అమెరికా గోధుమల ఓడల కోసం దేశం ఎదురుచూసింది. వారంలో ఒక పూట తిండి మానమని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి జనాన్ని అడిగిన కాలం అది. మూసీకి ఇవతల, పాతబస్తీ సంగతి వేరే చెప్పాలి. 1948 దాకా ఉర్దూ రాజభాష. ఆ భాషలో చదువుకుని ఆ కొలువుల్లో చేరినవాళ్ళ, జాగీర్లను నమ్ముకుని బతికినవాళ్ళ ఇళ్ళు 1949లో జాగీర్లు రద్దయ్యాక మెల్లమెల్లగా కుంగిపోయాయి. దేవిడీలనే పెద్ద భవంతులు గదులుగా విడిపోయాయి, గదులు కిరాయికి పోయాయి. తెలుగును అధికార భాషగా చేసిన చట్టం 1966లో వచ్చింది, నాటకం మొదలైన మరుసటి ఏడు. తెలుగువాడిగా ఆ చట్టం వచ్చినందుకు నాకు సంతోషమే. అదే చట్టం ఎదురింటి ఉర్దూ మీడియం చిరుద్యోగికి ఎలా కనిపించిందో ఊహించుకోకుండా ఉండలేను. వారానికో పూట తిండి మానమంటే, అంతకు ముందే ఎన్ని పూటలు మానాడో తనకే తెలిసిన మనిషి ఆ రాత్రి మూసీ దాటి సైఫాబాద్ దాకా వెళ్ళి, టికెట్టు కొని, కుర్చీలో కూచుని, ఇంటినిండా పిల్లలున్న తనలాంటి వాణ్ణి వేదిక మీద చూశాడు.

రవీంద్రభారతి అప్పటికి కొత్త భవనం. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో తెరుచుకుంది. తలెత్తి చూసే గోడలు, మెత్తటి కుర్చీలు, శాస్త్రీయ నృత్యాలు, గంభీరమైన ఉపన్యాసాలు. అలాంటి చోట వేదిక మీద నక్కో, హౌ, కైకూ అంటూ సాగే దక్కనీ వినబడింది. సాహిత్య ఉర్దూ పండితులు పామరుల యాసగా చూసిన భాష అది. మండీలో బేరమాడే భాష, అమ్మ పిల్లల్ని కసిరే భాష, కిరాయి కట్టలేనప్పుడు ఇంటి యజమానిని బతిమాలే భాష. నా ఊహలో మొదటి నవ్వు ముందు వరస సోఫాల్లోంచి రాలేదు. ముందు వరసల వాళ్ళకు ఆ భాష తెలిసినా, ఆ భాషలో అప్పు అడగాల్సిన అవసరం పడి ఉండదు. వెనకాల ఎక్కడో, చివరి వరసల్లో, తన వంటింటి మాట వేదిక మీద నుంచి తనకే తిరిగి వినబడిన మనిషి గొంతులోంచి వచ్చి ఉంటుంది ఆ నవ్వు. రుజువు చెయ్యలేను. అయినా ఇంకోలా ఊహించుకోవడం నావల్ల కావడం లేదు. ఆ మనిషి నవ్వాక మిగతావాళ్ళకి ధైర్యం వచ్చి ఉంటుంది. ఆ కష్టం ఎవరిదో ఆ మనిషే నవ్వుతున్నాడు కదా, ఇక మనం నవ్వొచ్చు అని.

ఇలా అనుకోవడానికి మా ఇంట్లో ఒక కారణం ఉంది. గౌలిపురాలో పెరిగిన నా చిన్నతనంలో ఆ నాటకం గోడ పోస్టర్లు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కనబడుతూనే ఉండేవి. 1980ల్లో ఒకసారి మా నాయిన మమ్మల్నందర్నీ రవీంద్రభారతికి తీసుకుపోయాడు. నాయినది చిన్న గుమస్తా ఉద్యోగం. ఇంట్లో సేటు దుకాణం ఖాతా పుస్తకం ఉండేది, ఎర్ర అట్ట, మూలలు నలిగిపోయి. ఒకటో తారీఖున నాయిన ఆ పుస్తకం తీసుకుని గోడ వైపు తిరిగి కూచుని పేజీలు వెనక్కి తిప్పేవాడు. ఎంత ఉందని అమ్మ అడిగినా చెప్పేవాడు కాదు. అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు. నాటకంలో ఇంటి ఖర్చుల మాట వచ్చినప్పుడల్లా ఆయన తొడ మీద చరుచుకుని నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మా నాయిన అలా నవ్వగలడని నాకు అప్పటిదాకా తెలియదు. వేదిక వైపు చూడటం మానేసి ఆయన్నే చూశాను. ఆ రాత్రి బస్సులో అఫ్జల్‌గంజ్ దాటాక, సేటు ఖాతా ఎంతుందో అమ్మకి చెప్పాడు. మొదటిసారి చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. అమ్మ కూడా నవ్వింది, తర్వాత కోప్పడింది, ఆ తర్వాత ఇద్దరూ ఎక్కడెక్కడ తగ్గించుకోవాలో లెక్కలు వేసుకున్నారు. అప్పు పైసా కూడా తగ్గలేదు. ఆ అంకె మాత్రం ఇంట్లో నలుగురి మధ్య పైకి అనుకోగలిగే అంకె అయింది. నాటకం మా ఇంటికి చేసిపెట్టిన పని అదే అనుకుంటాను. ఓదార్పు అందామా? ఓదార్పు కాదు. ఓదార్చినవాళ్ళు మన నోరు మూయించి పడుకోబెడతారు. ఇది నోరు తెరిపించింది.

ఈ ఊరి హాస్యంలోకి దుఃఖం పక్క తలుపు నుంచి వచ్చిన సందర్భాలు ఇంకా ఉన్నాయి. ముజ్తబా హుస్సేన్ సంగతి చూడండి. ఉర్దూ హాస్య రచనకి 2007లో పద్మశ్రీ అందుకున్న మనిషి. ఆయన హాస్యంలోకి దిగింది ఒక చావు వల్ల. సియాసత్ పత్రికలో "శీషా ఓ తేషా" అనే హాస్య శీర్షిక రాస్తూ వచ్చిన కవి షాహిద్ సిద్దీఖీ 1962లో హఠాత్తుగా పోయారు. శీర్షిక ఆగకూడదు. రాయమని ఈ కుర్రాడికి అప్పజెప్పారు. పోయినాయన కుర్చీలో కూచుని, మర్నాటి పాఠకుణ్ణి నవ్వించాలి. చేతులు వణకలేదా అని ఎన్నోసార్లు అనుకున్నాను. వణికినా రాశాడు, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ హాస్యమే రాశాడు. అదే ఏడు, 1962లోనే, జిందాదిలానె హైదరాబాద్ అనే హాస్యప్రియుల సంస్థ మొదలైంది. 1968 నుంచి "షగూఫా" పత్రిక వచ్చింది. సులేమాన్ ఖతీబ్ లాంటి వాళ్ళు దక్కనీలో అత్తాకోడళ్ళ గొడవల్ని, పేదింటి పెళ్ళి చూపుల్ని ముషాయిరాల్లో చదివితే జనం నవ్వి, అదే పద్యం సగంలో ఏడ్చేవారట. బబ్బన్ ఖాన్ ఒంటరిగా ఊడిపడలేదు. అప్పటికే ఈ ఊరు తన కుంగుబాటుని తన యాసలో చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఆయన దానికి కుర్చీలు, గోడలు, తలుపులు అమర్చి రంగస్థలం ఎక్కించాడు.

తెలుగులో ఈ మాట అనగానే విజయనగరం గుర్తొస్తుంది. 1892 ఆగస్టు 13న అక్కడే గురజాడ "కన్యాశుల్కం" మొదటిసారి ఆడారు. గిరీశాన్ని చూసి మనం ఈరోజుకీ నవ్వుతాం, ఆ నవ్వు కింద ఏముందో చాలాసార్లు మరిచిపోతాం. 1897లో వేసిన మొదటి ముద్రణ పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ ఇళ్ళలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళు విజయనగరం మహారాజా సేకరింపజేసిన పట్టికలో 1,034 తేలాయి. అందులో అయిదేళ్ళ వయసులో అమ్ముడుపోయిన పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పిల్లలు ముగ్గురు. ఏడాది పిల్ల. ఆ పట్టిక చేతిలో పెట్టుకుని నవ్వించే నాటకం రాయడానికి ఎలాంటి గుండె కావాలి? ఆ మొదటి ఆట చూసినవాళ్ళలో కూతుర్ని అలా అమ్మినవాళ్ళ చుట్టాలు ఉండకుండా ఉంటారా? వాళ్ళ పక్కనే, అలా అమ్ముడుపోయి చిన్నతనంలోనే తల బోడి అయిన ఆడపిల్లలు మాత్రం ఆ సభలో ఉండి ఉండరు. ఇక్కడ నా మనసు ఆగిపోతుంది. కష్టం ఎవరిదో వాళ్ళు సభలో లేనప్పుడు, మిగతావాళ్ళ నవ్వుకి అర్హత ఎక్కడిది? గురజాడ ఆ బాధని గుర్తించాడు కాబట్టే ఆ నాటకంలో నవ్వంతా కొనేవాడి మీదికి, అమ్మేవాడి మీదికి, కబుర్లు చెప్పేవాడి మీదికి తిరిగింది, అమ్ముడుపోయే పిల్ల మీదికి ఒక్కసారీ తిరగలేదు. ఆ జాగ్రత్త వల్లే ఆ నాటకం నిలబడిందని నా నమ్మకం.

పరాయి దేశాల సంగతికి పోతే, శామ్యూల్ బెకెట్ "వెయిటింగ్ ఫర్ గోడో" కథ ఈ విషయంలో నాకు చాలా నేర్పింది. ఇద్దరు దిక్కులేనివాళ్ళు రాని మనిషి కోసం ఎదురుచూసే నాటకం. 1953 జనవరిలో పారిస్‌లో మొదలైంది. 1956 జనవరిలో అమెరికాలో మొదటిసారి మయామీలో కొత్త హంగులతో తెరిచిన థియేటర్‌లో ఆడారు. పొట్టచెక్కలయ్యే హాస్యమని ప్రచారం చేశారు. సెలవులకు వచ్చిన ధనవంతులు ముస్తాబై వచ్చారు, విరామం అయ్యేసరికి చాలామంది వెళ్ళిపోయారు. దాదాపు రెండేళ్ళు గడిచాక, 1957 నవంబరులో, అదే నాటకాన్ని కాలిఫోర్నియాలో సాన్ క్వెంటిన్ జైల్లో దాదాపు 1,400 మంది ఖైదీల ముందు ఆడారు. వాళ్ళు కదలకుండా కూచుని చూశారు. ఎదురుచూడటం అంటే ఏమిటో వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏది నవ్వో, ఏది బాధో తేల్చే పని ఆ బాధ పడ్డవాళ్ళదే అని నాకు అప్పుడు స్థిరపడింది. మయామీ వాళ్ళకి నవ్వడం చేతకాక కాదు. ఆ నవ్వు వాళ్ళది కాదు.

స్థిరపడింది అన్నాను గానీ, ఒక సందేహం ఇంకా మిగిలే ఉంది. "అద్రక్ కే పంజే" ఎక్కువమంది పిల్లలున్న ఇంటిని చూసి నవ్వించింది. మన దేశం 1952లోనే కుటుంబ నియంత్రణని ప్రభుత్వ కార్యక్రమం చేసింది. దాని గుర్తు ఎర్ర త్రికోణం గోడ గోడకీ ఎక్కిన రోజులు ఆ నాటకం తొలి రోజులే. అయితే ఈ నాటకం సర్కారు మాటనే నవ్వుగా చుట్టి పేదవాడికి తినిపించిందా? పిల్లలు ఎక్కువమంది కాబట్టే నువ్వు పేదవాడివని చెప్పి, జీతం ఇవ్వనివాణ్ణీ, ఉద్యోగం తీసేసినవాణ్ణీ వదిలేసిందా? ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు జరిగాయి. ఉత్తరాదిన బస్తీల్లోంచి మనుషుల్ని లారీల్లో ఎత్తుకుపోయి చేశారు. అదే మాట అధికారి నోట వచ్చేసరికి జులుం అయింది. పైగా ఎక్కువమంది పిల్లలన్న వెక్కిరింత ఒక మతం వాళ్ళ మీద విసిరే రాయిగా ఎన్నిసార్లు వాడారో, ఇప్పటికీ వాడుతున్నారో మనకి తెలుసు. ఆ రాయికి, ఈ నాటకంలోని నవ్వుకి తేడా ఏమిటి?

చాలాకాలం ఆలోచించాను. తేడా ఉంది. వేదిక మీద ఆ ఇంటిపెద్ద తన పిల్లల్ని లెక్కపెట్టుకుంటున్నాడు. ఎదుటివాడి పిల్లల్ని లెక్కపెట్టడం లేదు. బబ్బన్ ఖాన్ పేదరికం పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఆ లేమిలో పెరిగిన మనిషి. తన ఇంటి తలుపు తనే తెరిచి చూపిస్తే చూడటానికి వచ్చినవాళ్ళు నవ్వొచ్చు. బయటివాడు ఆ తలుపు తన్ని లోపలికి వచ్చి నవ్వితే అది దౌర్జన్యం. పుట్టుక ఒక్కటే చాలదని కూడా నాకు తెలుసు. సొంతవాళ్ళే సొంతవాళ్ళని డబ్బు కోసం కించపరిచిన నాటకాలు, సినిమాలు ఎన్నో చూశాం. అందుకే సభలో కూచున్నవాళ్ళ తీర్పు కావాలి. ఆ తీర్పు మొదటి రాత్రే వస్తుంది. కష్టపడ్డవాడు నవ్వకుండా లేచి వెళ్ళిపోతే ఆ నాటకం అక్కడికక్కడే పోయినట్టు, మిగతావాళ్ళు ఎంత చప్పట్లు కొట్టినా సరే. 1965 సెప్టెంబరులో ఆ మనిషి లేచిపోలేదు. ఆ ధైర్యంతోనే ఆ నాటకం ముప్పై ఆరేళ్ళు తిరిగింది.

ఇప్పుడు పాతబస్తీ యాసకి బోలెడంత గిరాకీ ఉంది. 2005లో "ది అంగ్రేజ్" వచ్చాక, మరుసటి ఏడు "హైదరాబాద్ నవాబ్స్" వచ్చాక, చార్మినార్ దగ్గర చాయ్ తాగుతూ కబుర్లు చెప్పే కుర్రాళ్ళు ఊరూరా అభిమానుల్ని సంపాదించుకున్నారు. ఆ సినిమాలు నేనూ ఇష్టంగానే చూశాను. ఆ వెనక వచ్చిన గుంపులో, ఫోన్లలో తిరిగే చిన్న వీడియోల్లో, తెలుగు సినిమాల్లో పక్క పాత్రల్లో, యాస మిగిలి కష్టం జారిపోయింది. నక్కో అంటే చాలు నవ్వాలట. ఆ మనిషి ఎందుకు నక్కో అంటున్నాడు, దేన్ని వద్దంటున్నాడు, ఆ గదిలో ఎందరు పడుకుంటారు, కార్చోబ్ చీర ఒకటి పూర్తి చేస్తే చేతికి ఎంత వస్తుంది అన్న సంగతులు ఎవరికీ అక్కర్లేదు. యాసని చూసి నవ్వడం చవక. తెలుగులో తెలంగాణ యాసకి ఇన్నేళ్ళు జరిగింది ఇదే. రౌడీకీ, పనిమనిషికీ మాత్రమే ఆ యాస పెట్టి నవ్వించినప్పుడు మనకి ఎంత మండిందో మరిచిపోలేదు కదా. అదే అవమానం పక్కింటి భాషకి జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు బాధగా ఉంది. నేను హోటల్లో విన్న ఆ కబరస్తాన్ కథలో యాస తీసేసి గ్రాంథిక తెలుగులో చెప్పినా నవ్వొస్తుంది, నవ్వొచ్చాక గొంతు పట్టుకుంటుంది. బలం యాసది ఒక్కదానిదే అయితే అలా జరగదు.

కొత్త నాటకం పుట్టడం మన దగ్గర ఎంత కష్టమో రంగస్థలం మీద పని చేసేవాళ్ళకి తెలుసు. తెలుగులో కొత్త నాటకం చాలావరకు పరిషత్తు పోటీల కోసం పుడుతుంది. న్యాయనిర్ణేతల ముందు మొదటి ఆట, నాలుగు పరిషత్తుల్లో నాలుగు ఆటలు, బహుమతులు, ఆ తర్వాత రాతప్రతి బీరువాలోకి. టికెట్టు కొని వచ్చిన మామూలు మనిషి నవ్వుతాడో లేదో తేలకుండానే నాటకం ముగిసిపోతుంది. పరిషత్తుల్ని తప్పు పట్టడం లేదు, అవి లేకపోతే ఆ నాలుగు ఆటలు కూడా ఉండవు. అయినా చేదు హాస్యానికి న్యాయనిర్ణేత చాలడు. మార్కుల కాగితం పట్టుకున్న మనిషి ముందుగా నవ్వడు. ముందుగా నవ్వగలిగినవాడు వెనక వరసలో ఉంటాడు, అతను అసలు హాలు దాకా రావాలి. వచ్చే తీరిక, బస్సు ఖర్చు, టికెట్టు డబ్బు, తన గురించి ఏదో ఉందన్న నమ్మకం అతనికి ఉండాలి. ఆడేవాళ్ళు మూసీ దాటి ఇవతలికి, అతని వీధి దాకా వస్తే ఇంకా మంచిది.

బబ్బన్ ఖాన్ 2021 ఏప్రిల్‌లో పోయారు. కరోనా రెండో విడత ఊరిని ఊపేస్తున్న రోజులు కావడంతో ఆ వార్త చాలామందికి చేరనే లేదు. ఆయన నాటకం చూసినవాళ్ళు మన మధ్య ఇంకా ఉన్నారు, వాళ్ళ వయసులు పెరుగుతున్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఆ నాటకం చూసి ఉంటే ఈ వారమే కూచోబెట్టి అడగండి: ఎక్కడ చూశారు, ఎవరితో వెళ్ళారు, ఏ మాటకి నవ్వారు. పాత టికెట్టు ముక్క, కరపత్రం, క్యాసెట్టు ఏది దొరికినా కబాడీ వాడికి వెయ్యకండి. పంజాగుట్టలో ఇదారే అదబియాతె ఉర్దూ లాంటి గ్రంథాలయాలు ఉన్నాయి, అక్కడికి పట్టుకెళ్ళండి. ఈసారి ఎక్కడైనా దక్కనీలోనో తెలుగులోనో కొత్త నాటకం కరపత్రం కనబడి, అది నవ్విస్తుందో ఏడిపిస్తుందో తేల్చుకోలేకపోతే, ఎవరో చూసొచ్చి చెప్పేదాకా ఆగకండి. మొదటి రోజే వెళ్ళండి. టికెట్టు కొనుక్కుని వెళ్ళండి, ఆ కథ ఎవరిదో వాళ్ళని వెంట తీసుకుని వెళ్ళండి.